గుహలో లైట్లు బాగుంటాయట!

విజయవాడ పటమటలో ఓ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు. కార్తీక మాసంలో అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్దామని మాట మొదలైంది. ఒకావిడ బెలూం గుహల పేరెత్తారు. వెంటనే పై అంతస్తు ఆయన జవాబు: “అంత దూరం పోయి చూడ్డానికి అక్కడేముందమ్మా? నున్నటి గోడలు, ఉక్కపోత. బోర్రా అయితే లైట్లు బాగుంటాయి.” దాని కింద వరసగా బొటనవేళ్ళు. బోర్రాకే ఖాయమైంది.

బోర్రాకి వెళ్ళడం మీద నాకే అభ్యంతరమూ లేదు. పేచీ అంతా ఆ కారణం మీదే. లైట్లే చూడాలనుకుంటే దసరాకి ఇంద్రకీలాద్రి కింద నిలబడితే చాలు, టికెట్టు కూడా అక్కర్లేదు. సున్నపురాయి గుహ దాకా వెళ్ళి, నీలం, ఎరుపు, ఊదా రంగులు పులిమిన రాళ్ళ ముందు సెల్ఫీ దిగి వస్తే అసలు గుహని చూడనట్టే లెక్క. ఇంకొంచెం ముందుకెళ్ళి చెప్తాను: మన గుహల్లో రంగు దీపాలు పూర్తిగా తీసేయాలి. వాటివల్ల రాయికి జరిగే చెరుపు సగం కారణం. మిగతా సగం, మనం డబ్బిచ్చి చూడ్డానికి వెళ్ళినదాన్నే అవి దాచేస్తున్నాయి.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివే. ముందు అసలు సంగతి.

చూడాల్సింది ఏమిటి?

మనవైపు గుహలంటే ముందు ఉండవల్లి, మొగల్రాజపురం గుర్తొస్తాయి. అవి మనుషులు తొలిచినవి, అక్కడ వెతకాల్సింది ఉలి జాడలు. బోర్రాలో, బెలూంలో వెతకాల్సింది నీటి జాడలు. నీరు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఒకటి కరిగించడం, రెండోది పేర్చడం.

పల్నాడు బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజరు విప్పి చూస్తే కాయిల్ చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. గుహ పైకప్పు నుంచి వేలాడే స్టాలక్టైటూ ఆ రసాయన చర్యతోనే పుడుతుంది. వాన నీరు మట్టిలోకి ఇంకుతూ వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది. బయటి గాలిలో ఆ వాయువు 0.04 శాతం ఉంటే, మట్టి రేణువుల మధ్య గాలిలో 1 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. అలా కాస్త ఆమ్లగుణం వచ్చిన నీరు సున్నపురాయి పగుళ్ళలో దిగుతూ రాతిని కరిగించుకుంటుంది. గుహ పైకప్పు దగ్గరికి వచ్చేసరికి గుహలోని గాలి తగులుతుంది, నీటిలో ఎక్కువగా ఉన్న వాయువు తప్పించుకుంటుంది. వాయువు పోగానే అంత సున్నాన్ని మోసే శక్తి నీటికి ఉండదు, దాన్ని అక్కడే వదిలేస్తుంది. గీజరులో ఆ వాయువుని వేడి తరిమేస్తుంది. గుహలో వేడితో పని లేకుండా అదే బయటికి పోతుంది.

చాలామంది, కొందరు సైన్సు టీచర్లతో సహా, ‘చుక్క ఆరిపోయి సున్నం మిగులుతుంది’ అని చెప్తారు. గుహ ముఖద్వారం దగ్గర, గాలి బాగా ఆడే చోట, అది కొంతవరకు నిజం. లోతుకి వెళ్తే గాలిలో తేమ నూరు శాతానికి దగ్గరగా ఉంటుంది, ఇక నీరు ఆరడం ఎక్కడ? అక్కడ పని చేసేది వాయువు తప్పించుకోవడమే. ఈ తేడా తెలిస్తే గుహలో జనం ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుస్తుంది. ఆ సంగతి కింద చెప్తాను.

స్టాలక్టైట్ మొదట సన్నటి బోలు గొట్టంగా పుడుతుంది, లావు సుమారు అర సెంటీమీటరు, అంటే వేలాడే నీటి చుక్క అంతే. నీరు ఆ గొట్టం లోపలి నుంచి దిగి కొసన ఓ ఉంగరంలా సున్నం పేరుస్తుంది. ఎప్పుడో ఆ రంధ్రం పూడిపోతే నీరు బయటి నుంచి జారడం మొదలుపెడుతుంది, గొట్టం లావెక్కి కోసుగా మారుతుంది. నేల మీంచి లేచే స్టాలగ్మైట్‌కి ఆ రంధ్రం ఉండదు, కొస కూడా మొద్దుగా, ఒక్కోసారి పళ్ళెంలా చదునుగా ఉంటుంది. విరిగిన ముక్క కనిపిస్తే అడ్డుకోత చూడండి. మధ్యలో రంధ్రం గుర్తు ఉంటే అది పైనుంచి పడింది.

చుక్క వేగాన్ని బట్టి కూడా ఆకారం మారుతుంది. చుక్క పైకప్పుని పట్టుకుని చాలాసేపు వేలాడితే వాయువు అక్కడే పోతుంది, సున్నం పైనే మిగులుతుంది. గబగబా రాలిపోతే ఎక్కువ సున్నం చుక్కతోపాటు కిందికి పోతుంది. నేలకి కొట్టుకుని చిట్లినప్పుడు మిగతా వాయువు ఎగిరిపోయి అక్కడి దిబ్బ బలుస్తుంది. కొన్నిచోట్ల కింద మనిషెత్తు స్తంభం లేచి ఉండి, తలెత్తి చూస్తే పైన వేలెడు కొమ్మ కూడా కనిపించకపోవడానికి కారణం ఇదే. ఈ సంగతి తెలిసినవాళ్ళు బోర్రాలో ఒక చుక్క దగ్గర నిలబడి, రెండు చుక్కల మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెడతారు. దానికి రంగు దీపం అక్కర్లేదు, కాస్త నిశ్శబ్దం కావాలి. అదే అక్కడ దొరకదు.

బోర్రా ఒకటి, బెలూం ఒకటి

వాట్సాప్‌లో ఆయన అన్న ‘నున్నటి గోడలు’ మాట నిజమే. ఆ నునుపే బెలూంలో చూడాల్సింది.

బోర్రాది తూర్పు కనుమల పాత రాయి. వేడికీ ఒత్తిడికీ లోనై స్ఫటికంగా మారిన సున్నపురాయి, చుట్టూ ఖొండలైట్ శిలలు. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, కింద గోస్తనీ నది. పెద్ద నోరు, ఎత్తైన చావడి, పైకప్పులో వెలుగు దిగే కంత. వానలు ఎక్కువ, పైన అడవి, దాంతో పేర్చే పని బలంగా సాగింది. స్తంభాలు, తెరలు, దిబ్బలు అన్నీ అక్కడ పుష్కలం.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలూం వేరే జాతి. అక్కడిది కర్నూలు వర్గం అని పిలిచే రాతి పొరల సమూహంలోని నార్జి సున్నపురాయి, దాదాపు అడ్డంగా పరుచుకున్న నల్లటి పొరలు. మన ఇళ్ళలో పరిచే బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ ఈ పొరలవే. పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో కాలేదీ, పల్నాడు సిమెంటు ఫ్యాక్టరీలకి ముడిసరుకు అయ్యేదీ ఈ వర్గపు రాయే. అంటే గుంటూరులో కూర్చుని నేల మీద కాలు మోపిన ప్రతిసారీ బెలూం గోడ మీద మోపుతున్నట్టే అనుకోవచ్చు.

బెలూం పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకి తెరిచింది సుమారు కిలోమీటరున్నర. లోతైన చోటు పాతాళగంగ, ప్రవేశ మట్టం నుంచి 46 మీటర్ల కింద. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీని గురించి రాశాడు, 1982–84 మధ్య డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలిచి పటం గీసింది, 2002లో జనానికి తెరిచారు. ఇక్కడ ప్రధానంగా కనిపించేది నీరు కరిగించిన పని. పైకప్పులో గుండ్రటి గుమ్మటాల్లాంటి గుంటలు చూడండి. కింద పారే నీరు పైకప్పుని కరిగించలేదు. ఆ దారి మొత్తం నీటితో నిండి ఉన్న రోజుల్లో, నీరు పైకి ఒత్తుకుని రాతిని తొలిచిన గుర్తులవి. మీరు ఫ్యాను కింద నిలబడి చెమట తుడుచుకుంటున్న చోటు ఒకప్పుడు నిండు గొట్టం.

గోడల మీద చిప్పల్లాంటి చిన్న చిన్న గుంటలు వరసగా కనిపిస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అవి రెండువైపులా ఒకేలా ఉండవు. ఒక అంచు నిటారుగా, రెండో అంచు వాలుగా ఉంటుంది. నిటారు అంచు ఉన్న వైపు నుంచి నీరు వచ్చింది. గుంటలు చిన్నవైతే ప్రవాహం వేగంగా ఉన్నట్టు, పెద్దవైతే నెమ్మదిగా ఉన్నట్టు.

ఇవి కనిపించాలంటే టార్చి పట్టుకునే తీరు మారాలి. టార్చిని కంటి పక్కన పెట్టుకుని గోడకి సూటిగా కొడితే అంతా చదునుగా, తెల్లగా అయిపోతుంది. చెయ్యి బాగా పక్కకి చాపి, వెలుగు గోడ మీద పాకేటట్టు వాలుగా పరచండి. అప్పటిదాకా నున్నగా ఉన్న గోడ మీద ఒక్కసారిగా గుంటలు, గీతలు, పొరల అంచులు, వాటి నీడలు బయటపడతాయి. టార్చిని మళ్ళీ గోడకి ఎదురుగా తిప్పితే అన్నీ మాయం. ఇదే గోడకి రెండువైపుల నుంచి రంగు దీపాలు వేస్తే ఆ నీడలు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. నున్నటి గోడ అనిపించడంలో దీపాల తప్పు సగం ఉంది.

రంగు దేన్ని దాస్తుంది?

శుద్ధమైన కాల్సైట్, అంటే సున్నపురాయిలోని ప్రధాన ఖనిజం, తెల్లగా ఉంటుంది. ఇనుము కలిస్తే పసుపు నుంచి ఇటుకరంగు దాకా. పైన మట్టిలో కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే ఆమ్లాలు కలిస్తే తేనె రంగు. మాంగనీసు అయితే నలుపు. ఒక రాతి తెర మీద తెలుపు, తేనె, ఇటుక చారలు పక్కపక్కన ఉంటే పైన నేలలో, వానల్లో వచ్చిన మార్పులు అలా నమోదయ్యాయని అర్థం. దాని మీద ఊదా దీపం వేస్తే అన్ని చారలూ ఊదానే.

బోర్రాలో ఊటల దగ్గర నారింజ రంగు జిగురు పొరలు ఉంటాయి, అవి సూక్ష్మజీవుల కాపురాలు. శాస్త్రవేత్తలు వాటి మీద పని చేశారు. దాని పక్కనే నారింజ దీపం ఉంటే చూసేవాడికి రెండింటికీ తేడా ఏం తెలుస్తుంది?

ఓ స్కూలు బృందంలో ఐదారేళ్ళ కుర్రాడొకడు గైడుని అడిగాడు: “అన్నా, ఈ రాయి నిజంగానే నీలమా?” గైడు నవ్వి, “లైటు నీలం రా, రాయి మామూలుదే” అన్నాడు. ‘మామూలుదే’ అని తేల్చేశాక ఇక ఆ పిల్లాడు రాయిని ఎందుకు చూస్తాడు? అందరూ నీలం వెలుగులో ఫొటో దిగి ముందుకు నడిచారు.

పచ్చ బూజు

రెండో సగం కారణం రాయికి జరిగే చెరుపు. గుహ లోపలి భాగాల్లో సహజంగా వెలుగు లేదు, కాబట్టి పచ్చటి మొక్కా లేదు. దీపం పెట్టగానే, ఆ తడి రాతి మీద మొదట నీలి-ఆకుపచ్చ బాక్టీరియా, తర్వాత శైవలాలు, ఆ తర్వాత నాచు, బాగా ముదిరితే చిన్న ఫెర్న్ మొక్కలు. వీటి బీజాలు ఎక్కడి నుంచి వస్తాయంటే మన చెప్పుల నుంచి, బట్టల నుంచి, గాలి నుంచి. దీపాల పక్కన రాతి మీద అరచేతంత పచ్చ మచ్చ మీకూ కనిపించి ఉంటుంది. చాలామంది అది రాతి రంగే అనుకుంటారు. అది రాతిని పట్టుకుని, ఆమ్లాలు వదిలి, ఉపరితలాన్ని మెత్తబరుస్తుంది. తర్వాత దాని మీదే సున్నం పేరుకుంటే పచ్చ మచ్చ శాశ్వతంగా రాతిలో ఇరుక్కుపోతుంది.

రంగు దీపాల విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. మొక్కల్లో, శైవలాల్లో ఉండే ఆకుపచ్చ పదార్థం ప్రధానంగా పీల్చుకునేది నీలాన్నీ ఎరుపునీ. గుహల్లో జనానికి ఇష్టమైన రంగులు సరిగ్గా అవే. పసుపు వెలుగుని అది తక్కువగా వాడుకుంటుంది, అందుకే ఐరోపా గుహల్లో పసుపు వైపు మొగ్గిన ఎల్‌ఈడీలు ప్రయత్నించారు. ఇక ఆకుపచ్చ దీపం కింద పచ్చ బూజు ఉందో లేదో ఊడ్చేవాడికి కూడా కనిపించదు.

స్లొవేనియాలో పోస్టొయ్‌నా గుహకి కరెంటు దీపాలు వచ్చింది 1884లో. మన ఫూట్ బెలూం దగ్గర తిరుగుతున్న సంవత్సరమే. నూట నలభై ఏళ్ళ అనుభవంతో అలాంటి గుహల వాళ్ళు నేర్చుకున్నది కొన్ని సూత్రాలే. దీపం రాతికి ఆనించి పెట్టకూడదు, ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. వెలుగు నడిచే దారికి పోవాలి, తడి గోడకి కాదు. జనం లేనప్పుడు ఆర్పేయాలి. పాత హాలోజన్ బల్బు తాను తీసుకున్న కరెంటులో చాలా భాగం వేడిగానే వదులుతుంది, కాబట్టి అది గుహలో ఉండకూడదు. బూజు పట్టాక కడగాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు, 15 శాతం ద్రావణం. అది కూడా సున్నపురాయిని కొంచెం తింటుంది, కాబట్టి ముందు అందులో సున్నపురాయి ముక్కలు నానబెట్టి ఆ ఆకలి తీర్చి ఆ తర్వాతే చల్లాలి. బ్లీచింగ్ ద్రావణం చవక, కానీ దాని క్లోరిన్ గుహలో బతికే పురుగూ పుట్రా అంతటికీ విషం. వైరు బ్రష్షుతో రుద్దితే బూజుతోపాటు స్ఫటికమూ పోతుంది. వీటన్నిటికంటే స్విచ్ ఆర్పడం సులువు.

ఫ్రాన్స్‌లో లాస్కో గుహ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1948లో జనానికి తెరిచారు, 1963లో మూసేశారు. దీపాల వెలుగులో పచ్చ శైవలం, జనం ఊపిరి వల్ల గోడలకి తెల్లటి కాల్సైట్ పొర. అది బొమ్మల గుహ, మనది రాతి గుహ, అంత ప్రమాదం లేదు అనొచ్చు. జనం ఊపిరి రాతిని మార్చేస్తుందన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం. ఒక్కో మనిషి ఊరికే కూర్చున్నా సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు. ఇరుకు గదిలో వంద మంది చేరితే పది కిలోవాట్ల హీటరు పెట్టినట్టు. గాలిలో ఆ వాయువు పెరిగితే నీటిలోంచి బయటికి పోవడం మందగిస్తుంది, పేర్చే పని ఆగుతుంది. మరీ ఎక్కువైతే గోడ మీద చేరిన మన ఊపిరి తేమే ఆమ్లమై పేర్చినదాన్ని కరిగించడం మొదలుపెడుతుంది. బోర్రాకి పెద్ద నోరుంది కాబట్టి గాలి ఆడుతుంది. బెలూం సన్నటి దారుల్లో లోపలికి గాలి కొట్టాల్సి వస్తోంది. అందుకే జనాన్ని విడతలుగా పంపాల్సిన అవసరం బోర్రా కంటే బెలూంకే ఎక్కువ.

ఋషి గడ్డం, మొసలి, మెదడు

రంగు దీపాల తోడబుట్టినది పోలికల ఆట. ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది ఋషి గడ్డం, ఇది మొసలి, అదిగో మనిషి మెదడు. దీపాన్ని ఆ ఆకారం వచ్చే కోణంలోనే బిగిస్తారు, పక్కనున్న పదిరెట్లు మంచి రాతి తెర చీకట్లో ఉండిపోతుంది.

ఇక్కడ నా వాదనకి గట్టి అడ్డు ఉంది. పోలిక చూడటం టూరిజం పుట్టించిన అలవాటు కాదు. బోర్రాలో పైకప్పు కంతలోంచి ఆవు పడి బతకడం, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి శివలింగం కనిపించడం, ఆ ఆవు పొదుగు నుంచి గోస్తనీ పుట్టడం, ఈ కథ అక్కడి ఊళ్ళ నమ్మకం. బెలూంలో కోటిలింగాలూ అంతే. దాని జోలికి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. దేవుడి దగ్గర ఒక నూనె దీపం వెలిగితే గుహ పాడైపోదు. భక్తుడు ఒక రాతి ముందు ఆగి చాలాసేపు చూస్తాడు కూడా. మొసలి, మెదడు జాబితా అలాంటిది కాదు. దాన్ని టిక్కు పెట్టుకుంటూ నడవడమే.

రెండో అడ్డు గైడు బతుకు. బోర్రా గైడుల్లో, బయట బొంగులో చికెన్ అమ్మేవాళ్ళలో చుట్టుపక్కల గిరిజనులే ఎక్కువ. అనంతగిరి, బోర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మొదలైన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది, గిరిజన ప్రాంతాల్లో గనుల్ని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని. కొండని తవ్వి అమ్ముకోకుండా నిలబెట్టిన చోట, గుహ చూడ్డానికి వచ్చే జనమే వాళ్ళకి ఆదాయం. నలభై మంది గుంపు, అందులో ముగ్గురు ఏడ్చే పిల్లలు, చేతిలో ఇరవై నిమిషాలు. అలాంటి గైడుని ‘కార్బన్ డయాక్సైడ్ గురించి చెప్పు’ అంటే గుంపు చెల్లాచెదురు అవుతుంది, టిప్పు కూడా రాదు. ఇది ఒప్పుకోక తప్పదు.

అయినా పోలికని అక్కడితో వదిలేయనక్కర్లేదు. “ఇది ఋషి గడ్డం” అన్నాక “ఎందుకు గడ్డంలా పాయలు పాయలుగా ఉందో తెలుసా?” అని ఒక్క ప్రశ్న చాలు. వాలు పైకప్పు మీద నీరు ఎప్పుడూ ఒకే దారిలో జారుతుంది, జారిన దారి వెంటే సున్నం కడుతుంది, కట్టిన గట్టు నీటిని మళ్ళీ అదే దారిలో నడిపిస్తుంది. పాయలు అలా పుట్టాయి. ఇరవై సెకన్ల మాట. దీన్ని గైడులకి ఒక్కరోజు శిక్షణలో నేర్పొచ్చు.

ఆ శిక్షణలోనే సరిచేయాల్సింది ఇంకోటి ఉంది. బోర్రాని 1807లో భారత భూగర్భ సర్వే సంస్థ అధికారి విలియం కింగ్ కనిపెట్టాడని బోర్డుల మీదా, ఇంటర్నెట్టులోనూ అచ్చుగుద్దినట్టు ఒకే మాట. ఆ సంస్థ పుట్టిందే 1851లో! అక్కడి గిరిజనులకి గుహ ముందే తెలుసన్న సంగతి ఎలాగూ పక్కన పెట్టేశారు, కనీసం సంవత్సరమైనా సరిచూసుకోవద్దూ?

బెలూం సప్తస్వరాల గది మీద నా అభిప్రాయం కాస్త కటువు. రాతి కొమ్మని కర్రతోనో వేలి కణుపుతోనో తడితే లోహంలా మోగుతుంది. మోగడానికి కారణం గట్టి స్ఫటికం, పగుళ్ళు లేకపోవడం, కింది కొస ఖాళీగా వేలాడటం. తట్టగా తట్టగా పగులు పడితే మోత బొంగురుపోతుంది, ఆ తర్వాత ముక్క ఊడుతుంది. చాలా గుహల్లో ఇవి ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరుగుతాయి. చూపుడు వేలంత ముక్క విరిగితే ఆ లెక్కన ఏడు వందల ఏళ్ళు. ఒకసారి మంచి మైకు పెట్టి రికార్డు చేసి అక్కడే స్పీకరులో వినిపిస్తే సరిపోతుంది.

ముట్టుకోవడం కూడా ఇదే కోవ. చేతి జిడ్డు అంటిన చోట నీరు రాతిని తడపదు, జారిపోతుంది, దాంతో అక్కడ పెరుగుదల ఆగుతుంది, దుమ్ము పట్టి నల్లగా మెరుస్తుంది. చెయ్యి అందే ఎత్తులో నల్లటి మెరుపు, దాని పైన మసక తెలుపు. ఆ గీత ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, జనం ఎంత ఎత్తు దాకా అందుకున్నారో తెలుస్తుంది.

చీకటైపోతే ఎవరు వస్తారు?

రంగులు తీసేస్తే టికెట్లు పడిపోతాయని, పెద్దవాళ్ళు జారిపడతారని అంటారు. రెండో మాటకి జవాబు తేలిక. పడకుండా కాపాడేది మెట్టు అంచు మీద పడే తెల్ల వెలుగు. ఊదా వెలుగులో తడి మెట్టుకీ పొడి మెట్టుకీ తేడా తెలియదు. మోకాలి ఎత్తుకి లోపు, కిందికి తిప్పిన తెల్ల దీపాలు నడకకి చాలు.

మొదటి మాట మీద నాకూ పూర్తి నమ్మకం లేదు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన కుటుంబానికి రంగుల హంగామా ఓ పండగ, అది నిజం. ఒక రోజు మార్చి చూస్తే తప్ప ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఒక్క చావడిలో, ఒక్క గోడకి, పక్క నుంచి వాలుగా ఒక తెల్ల దీపం వేసి, మిగతావి ఐదు నిమిషాలు ఆర్పి చూపించండి. ఖర్చు లేదు. జనం నచ్చలేదంటే అప్పుడు మాట్లాడుకుందాం.

వెళ్తే ఇలా వెళ్ళండి

బోర్రాకి విజయవాడ నుంచి రాత్రి రైల్లో విశాఖ చేరి, పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి బోర్రా గుహలు స్టేషన్‌లో దిగడం మంచి దారి. గుహ నడిచే దూరమే. వానల తర్వాత, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో చుక్కలు జోరుగా పడతాయి, రాయి ప్రాణంతో ఉంటుంది. అప్పుడే కొండచరియలు పడి రైలు ఆగే అవకాశమూ ఉంది, రిటర్ను టికెట్టు బిగుతుగా పెట్టుకోవద్దు. కార్తీక ఆదివారాలు, సంక్రాంతి సెలవులు మానేయండి.

బెలూంకి గుంటూరు–నంద్యాల రైలు మార్గం. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు, నల్లమల దాటి నంద్యాల. అక్కడి నుంచి బనగానపల్లె మీదుగా సుమారు 60 కిలోమీటర్ల రోడ్డు. పొద్దున బెలూం, సాయంత్రం యాగంటి పెట్టుకుంటే రోజు సరిపోతుంది.

గుహ లోపలి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది. బోర్రా కొండల్లో కాబట్టి చల్లన, బెలూం రాయలసీమ మైదానం కాబట్టి వెచ్చన. దానికి నిండు తేమ తోడైతే చెమట ఆరదు, అదే ఆ ‘ఉక్కపోత’. ఏసీ లాంటి చల్లదనం ఆశించి బెలూం వెళ్ళినవాళ్ళే తిట్టుకుంటూ బయటికొస్తారు. పల్చటి నూలు బట్టలు, గాడులున్న రబ్బరు అడుగు బూట్లు, లోపలికి వెళ్ళేముందే కడుపారా నీళ్ళు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు పాతాళగంగ దాకా దిగనక్కర్లేదు, పై దారుల్లోనే చూడాల్సినంత ఉంది. టార్చి మనిషికి ఒకటి, తెల్లటి వెలుగు ఇచ్చేది. ఫోను టార్చి సరిపోతుంది గానీ చేతిలోంచి జారితే తడి రాతి మీద పడేది ఫోనే. ఫొటోకి ఫ్లాషు వాడితే గోడ చదునైపోతుంది. పక్కన ఉన్నవాళ్ళ చేతికి టార్చి ఇచ్చి వాలుగా పట్టించండి. తెరవగానే లోపలికి వెళ్ళండి, గుంపు రాకముందు అరగంట దొరుకుతుంది.

ఇంత దూరం ఎందుకు అనేవాళ్ళకి పల్నాడులోనే గుత్తికొండ బిలం ఉంది. పిడుగురాళ్ళ దాటి వెళ్ళాలి. సహజంగా ఏర్పడిన బిలాలు, లోపల నీటి మడుగులు, బ్రహ్మనాయుడు లోపలికి వెళ్ళాడన్న కథ, తొలి ఏకాదశికి స్నానాలకి వచ్చే జనం. అక్కడ బోర్రా స్థాయి హంగులు లేవు, ఉండాలని అడిగేవాళ్ళు మాత్రం ఉన్నారు. టూరిజం పేరుతో అక్కడ ఎవరైనా కొత్త దీపాల పని మొదలుపెడితే టెండరు కాగితంలోనే నాలుగు మాటలు రాయించుకోవాలి: తెల్ల దీపాలు మాత్రమే, అవి మెట్లకీ నడక దారికీ మాత్రమే, మనిషి దాటిన కొద్ది నిమిషాలకి వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు, సున్నం కడుతున్న తడి రాతిలో ఎక్కడా డ్రిల్లు పెట్టకూడదు. మడుగుల వైపు దీపం కావాలంటే ఏకాదశి నాడు తెచ్చి, మర్నాడు తీసుకెళ్ళిపోయేది చాలు.